చూపు ఉండీ పోల్చుకోలేని వారు
(మదనపల్లెలో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏడాదీ ఈ సభలో చదువు గురించి మాట్లాడే పని మాకు అప్పగిస్తూ వచ్చారు. పదో తరగతి ఫలితాలు, ఉర్దూ మీడియం బడుల కష్టసుఖాలు, ఆడపిల్లల చదువు, ఇవే మా మామూలు పాఠాలు. ఈసారి కార్యదర్శి గారిని మేమే అడిగి వేరే విషయం తీసుకున్నాము. మేము డాక్టరు కాము, బడిపంతులము. అయినా మా ఇంట్లో జరిగిన ఒక తప్పు మీ ఇండ్లలో జరగకూడదని ఈ నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాము.

మా బడే అబ్బా, అనగా మా నాయన గారి అన్నగారు, పుంగనూరులో దర్జీ. నలభై ఏండ్లు ఒకే మిషను మీద కూర్చుని ఆరుగురు పిల్లలను పెంచిన మనిషి. 2019వ సంవత్సరం చలికాలంలో ఒకనాడు ఫజర్ నమాజుకు లేచి, కండ్ల ముందర పొగ కమ్మినట్లుంది, తల తిరుగుతా ఉంది అన్నారు. మాట బాగుంది. నోరు వంకర పోలేదు. కాలూ చెయ్యీ ఆడుతున్నాయి. అందుచేత ఇంట్లో ఎవరూ భయపడలేదు. కండ్లలో గులాబ్ నీళ్లు వేసి పండుకోబెట్టారు.

రెండు రోజులకు పొగ తగ్గింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. బల్ల మీదున్న దువ్వెనను చూసి, "పొడుగ్గా ఉంది, పండ్లున్నాయి, రంపమా?" అన్నారు. మా బడీ అమ్మ ఎదురుగా వచ్చి నిలబడితే, "ఎవరమ్మా, ఎవరు కావాల?" అని అడిగారు. ఆమె నోరు తెరిచి మాట్లాడేసరికి సిగ్గుపడి తల వంచుకున్నారు. ఇక చుట్టుపక్కల వారు తలా ఒక మాట అన్నారు. మతి తప్పిందన్నారు కొందరు. ఏదో సాయా సోకిందని తావీజు తెచ్చి కట్టినారు కొందరు. కొడుకులు దగ్గరుండి చూసుకోవాలని నాటకమాడుతున్నాడు అన్నవారు కూడా లేకపోలేదు.

వాళ్లనేమి అనాలి? చదువుకున్న వాళ్లము మేము చేసింది అంతకన్నా ఘోరం. సంగతి తెలిసి ఆదివారం నాడు మదనపల్లె నుండి పుంగనూరు పోయినాము. పోతూ పోతూ, పరీక్ష చేద్దామని, బడిలోని బొమ్మల పటము చుట్టి చంకన పెట్టుకుని పోయినాము. అలిఫ్ సే అనార్, బే సే బకరీ. ఆ పటము గోడకు తగిలించి, బెత్తంతో ఒక్కొక్క బొమ్మా చూపిస్తూ, "యే క్యా హై? యే క్యా హై?" అని అడిగినాము. అనార్‌ను చూసి చెండు అన్నారు. బకరీని చూసి, కాళ్లున్నాయి, ఏదో జంతువు అన్నారు. మేము విసుక్కుని, "మా ఒకటో తరగతి పిల్లవాడు చెబుతాడే, మీకు తెలీదా?" అన్నాము. మనుమలు నవ్వినారు. ఆయన ఏమీ అనలేదు.

లేచి వచ్చేయబోతూ మిషను మీదున్న కత్తెర చూపించి, ఇదైనా చెప్పండి అన్నాము. చాలాసేపు చూసినారు. "రెండు వలయాలున్నాయి, కింద ఇనుము మెరుస్తా ఉంది, ఏందో తెలీలేదు బేటా" అన్నారు. నలభై ఏండ్లు ఆ ఇంటికి అన్నం పెట్టిన కత్తెర అది. మేము కోపంతో దాన్ని ఆయన చేతిలో పెట్టినాము. వ్రేళ్లు వాటంతటవే వలయాలలోకి పోయినాయి. ఒకసారి టక్కుమనిపించి, "అరె, మేరీ కైంచీ!" అన్నారు.

కండ్లు చెప్పలేనిది చెయ్యి చెప్పింది. అప్పుడు మాకు సిగ్గు వేసింది. ఇది మతి తప్పడమూ కాదు, నాటకమూ కాదు, మనకు తెలియని జబ్బేదో ఉందని మాకు అప్పుడు తోచింది. మరుసటి రోజు కండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన అన్నీ చూసి, "కండ్లు చక్కగా ఉన్నాయి, ఆలస్యం చేయకుండా మెదడు డాక్టరుకు చూపించండి" అని చీటీ రాసిచ్చారు. స్కాను తీస్తే తల వెనుక భాగంలో రక్తం అందక మెదడు కొంత దెబ్బతిన్నదని తేలింది. మనవాళ్లు లక్వా అంటారే, అదే. అయితే కాలికీ చేతికీ నోటికీ రాని లక్వా. అప్పటికి తొమ్మిది రోజులు గడిచిపోయినాయి.

ఈ జబ్బు ఏమిటో ఇప్పుడు చెబుతాము. చూడటం వేరు, పోల్చుకోవడం వేరు. ఉర్దూలో దేఖ్‌నా వేరు, పహచాన్‌నా వేరు అంటాము. ఈ రెండూ ఒక్కసారిగా జరిగిపోతాయి కాబట్టి ఒకటే అనుకుంటాము. వెయ్యి ఏండ్ల నాడే, బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైసమ్ అనే మహా పండితుడు తన 'కితాబుల్ మనాజిర్' అనే గ్రంథంలో ఈ తేడాను వివరించినాడు. వెలుతురు కంటికి చేరితే వెలుగు, రంగు తెలుస్తాయి గాని, ఇది ఫలానా వస్తువు అని తెలియాలంటే ఇదివరకు చూసినది గుర్తుండాలి, మనసు ఇప్పుడు చూసేదాన్ని దానితో సరిపోల్చుకోవాలి అని ఆయన సిద్ధాంతము. నేటి డాక్టర్లు చెప్పేది కూడా ఇంచుమించు ఈ దారిలోనే ఉంది.

కన్ను పోస్టాఫీసు వంటిది. వచ్చిన ఉత్తరాలను లోపలికి పంపుతుంది, అంతే. అవి పోయి చేరేది తల వెనుక భాగంలోని మెదడుకు. అక్కడినుండి రెండు దారులు చీలుతాయి. ఒకటి చెవుల వైపు కిందుగా పోతుంది. ఈ వస్తువు ఏమిటి, ఈ ముఖం ఎవరిది అని తేల్చేది ఆ దారి. రెండవది పైగా పోతుంది. వస్తువు ఎక్కడ ఉంది, చెయ్యి ఎట్లా చాచి పట్టుకోవాలి అనేది చూసేది అది. కింది దారి తెగితే మనిషికి వస్తువు కనబడుతుంది, కాని అది ఏమిటో తెలియదు. దీనినే విజువల్ అగ్నోసియా అంటారు. గ్రీకు మాట అది, తెలియకపోవడం అని అర్థము. 1891లో ఆ మాటను వాడుకలోకి తెచ్చినవాడు వియన్నా నగరపు డాక్టరు సిగ్మండ్ ఫ్రాయిడ్. అంతకు ఒక ఏడాది ముందు, 1890లో, లిసావర్ అనే జర్మన్ డాక్టరు ఎనభై ఏండ్ల ఒక వ్యాపారిని పరీక్షించి ఇందులో రెండు రకాలున్నాయని చెప్పినాడు. ఒక రకంలో గీతలూ వంపులూ కలిసి ఒక ఆకారంగా ఏర్పడవు. రెండో రకంలో ఆకారం ఏర్పడుతుంది, చూసి బొమ్మ కూడా గీయగలరు, కాని అదేమిటో చెప్పలేరు.

ఇంగ్లండులో ఒకాయనకు 1981లో అపెండిక్స్ ఆపరేషను తరువాత ఈ రకమైన స్ట్రోకు వచ్చింది. ఎదుట పెట్టిన బొమ్మను చూసి చక్కగా దించేవాడు, కాని తాను దించిన బొమ్మ దేనిదో చెప్పలేకపోయేవాడు. ఫలానా వస్తువు గీయమంటే జ్ఞాపకం మీద గీసేవాడు. అంటే ఆయన మరిచిపోలేదు. ఈ మాట గట్టిగా పట్టుకోండి. ఇది మరుపు జబ్బు కాదు. జ్ఞాపకం లోపల భద్రంగానే ఉంటుంది, కంటి వైపు తలుపు మాత్రమే మూసుకుపోతుంది. చేతి తలుపు, చెవి తలుపు, ముక్కు తలుపు తెరిచే ఉంటాయి. తాళంచెవుల గుత్తిని చూసి పోల్చుకోలేనివారు గలగల వినగానే చెబుతారు. నిమ్మకాయను చూసి చెప్పలేనివారు వాసన పట్టి చెబుతారు.

ఆలివర్ శాక్స్ అనే డాక్టరు 1985లో ప్రచురించిన పుస్తకం ఒకటి లోకమంతా చదివింది. అందులో ఒక సంగీతం మాస్టారు, సెలవు తీసుకుని పోతూ, తన టోపీ అనుకుని భార్య తలను పట్టుకున్నాడు. వింటే నవ్వు వస్తుంది. మా ఇంట్లో మనుమలకూ అట్లే నవ్వు వచ్చింది. కాని ఆ మాస్టారుకు సంగీతం చెక్కుచెదరలేదు. పాట పాడుకుంటూ స్నానం చేసేవాడు, పాట పాడుకుంటూ బట్టలు వేసుకునేవాడు. పాట మధ్యలో ఆగిపోతే పని కూడా ఆగిపోయేది.

మా బడే అబ్బాకు మరొక వింత ఉండేది. కాగితం మీద ఉర్దూలో తన పేరు, ఊరు తప్పు లేకుండా రాసేవారు. పది నిమిషాల తరువాత అదే కాగితం చేతికిస్తే చదవలేకపోయేవారు. ఇది కూడా అబద్ధమనే అనుకున్నాము. 1892లోనే దెజెరీన్ అనే ఫ్రెంచి డాక్టరు ఇటువంటి రోగిని గురించి రాసి ఉన్నాడని తరువాత తెలిసింది. రాసేది చెయ్యి, చదివేది కన్ను. రెండింటికీ మెదడులో దారులు వేరు.

ఇది ఎందువల్ల వస్తుంది? ఎక్కువగా స్ట్రోకు వల్ల. బి.పి., షుగరు, బీడీ, సిగరెట్టు, ఇవి దాని చుట్టాలు. హెల్మెట్టు లేకుండా మోటారు సైకిల్ మీదనుండి పడి తలకు దెబ్బ తగిలినా రావచ్చు. మెదడు వాపు జ్వరాల వల్ల రావచ్చు. కొందరికి యాభై అరవై ఏండ్ల వయసులో మెదడు వెనుక భాగం నెమ్మదిగా కృశించి కూడా వస్తుంది. అటువంటివారు కండ్లద్దాలు మార్చి మార్చి డబ్బులు పోగొట్టుకుంటారు.

ఇంకొక కారణం మన సీమ వాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాలి. అది బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. 1988లో ఇటలీలో కాపురమున్న ఒక స్కాట్లండు ఆమె, వయసు 34 ఏండ్లు, నీళ్ల హీటరు నుండి వచ్చిన ఈ వాయువు వల్ల స్నానాల గదిలో పడిపోయింది. ప్రాణం దక్కింది గాని వస్తువుల ఆకారం పోల్చుకునే శక్తి పోయింది. పోస్టు డబ్బా సందు వంటి సందు చూపించి అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అంటే చెప్పలేకపోయేది. ఒక అట్టముక్క ఇచ్చి అందులో వేయమంటే మాత్రం చెయ్యి సరిగ్గా తిప్పి వేసేది. పైదారి బాగుంది, కిందిదారి పోయింది. మిల్నర్, గుడేల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆమెను ఏండ్ల తరబడి పరీక్షించి ఈ రెండు దారుల సంగతి స్థిరపరిచినారు. మదనపల్లె చలి మీకు తెలియనిది కాదు. తలుపులు మూసి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పండుకోవడం, గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు వాడటం, ఈ రెండూ దయచేసి మానండి.

ఇక లక్వా సంగతి. నోరు వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఇవి అందరికీ తెలుసు. వీటితోబాటు ఉన్నట్టుండి చూపు మసకబారడం, సగం చూపు పోవడం, నడకలో తూలడం, ఇవి కూడా లక్వా గుర్తులే. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను ఉంది. అది గుర్తులు కనబడిన నాలుగున్నర గంటల లోపల పడాలి. అంతకు ముందు స్కాను తీసి, అది గడ్డా, రక్తస్రావమా అని తేల్చాలి. కాబట్టి ఒక్కొక్క నిమిషమూ విలువైనది. మన రాష్ట్రంలో 108 బండి 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోను చేయడానికి మొహమాటం దేనికి? కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. తిరుపతిలో 1993 నుండి స్విమ్స్ ఉంది. వేలూరు సి.ఎం.సి.లో 1949లోనే డాక్టర్ జేకబ్ చాందీ మెదడు, నరాల వైద్యం ప్రారంభించారు. బెంగుళూరులో నిమ్హాన్స్ ఉంది. మనకు నాలుగు దిక్కులా వైద్యం ఉంది. మేము తొమ్మిది రోజులు ఇంట్లో కూర్చోబెట్టుకున్నాము. ఆ తప్పు ఆసుపత్రిది కాదు, మాదే.

పోయిన చూపు పూర్తిగా తిరిగి రాలేదు. కాని పోయిన బ్రతుకు చాలావరకు తిరిగి వచ్చింది. దాన్ని తెచ్చింది కుప్పంలో కాపురమున్న ఆయన కూతురు, మా ఆపా. ఆమె చదివింది ఐదో తరగతి. తండ్రిని తన ఇంటికి తీసుకుపోయి, డాక్టరు చెప్పినవి కొన్ని, తనకు తోచినవి కొన్ని చేసింది. అవి మీకూ పనికివస్తాయని చెబుతున్నాము.

మొదటిది, ప్రతి వస్తువుకూ ఒక చోటు ఏర్పాటు చేసింది. నీళ్ల చెంబు కిటికీ పక్కన, చెప్పులు గడపకు కుడివైపు, మందుల డబ్బా గూట్లో. ఎవరూ కదిలించకూడదని పిల్లలకు గట్టిగా చెప్పింది. రెండవది, చేతికి తెలిసే గుర్తులు పెట్టింది. పొద్దుటి మాత్రల డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి డబ్బాకు రెండు. టూత్‌పేస్టుకూ పూత మందుకూ తేడా తెలిసేటట్లు ఒకదానికి దారం చుట్టింది. మూడవది, ప్రమాదమైనవాటిని దూరం పెట్టింది. యాసిడ్ సీసా, కిరసనాయిలు, పురుగుల మందు ఆయనకు అందే చోట ఉంచలేదు. స్టవ్ దగ్గరికీ, రోడ్డు మీదికీ ఒంటరిగా పంపలేదు. నాలుగవది, గదిలో మంచి వెలుతురు ఉంచింది, బల్ల మీద పది వస్తువులు కుప్పవేయకుండా ఒకటి రెండే ఉంచింది. బొమ్మలో పోల్చుకోలేనివారు అసలు వస్తువును కొంత నయంగా పోల్చుకుంటారు, అదీ విడిగా ఉంటే. పటము పట్టుకుపోయిన మాకు ఆ సంగతి తెలియదు.

ఐదవది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ ఇంటికి వచ్చినవారు గడపలోనే సలాము చెప్పి, "నేను ఫలానా" అని పేరు చెప్పాలి. సలాము మనకు అలవాటే గదా. కాని మనం తొందరలో తల ఊపి ఊరుకుంటాము, చెయ్యి ఎత్తి ఊరుకుంటాము. ఇటువంటివారికి చెయ్యి ఎత్తితే చాలదు, గొంతు వినిపించాలి. మేము మొదటిసారి కుప్పం పోయి అట్లే సలాము చేసి పేరు చెబితే, మా బడే అబ్బా మా చెయ్యి పట్టుకుని, "నువ్వు పలకరిస్తేనే బేటా, నువ్వు నాకు కనబడేది" అన్నారు. అప్పుడు ఆయనను క్షమాపణ అడిగినాము. పటము సంగతి ఆయన ఎత్తనే లేదు.

ఆ ఇంట్లో ఆయన ఊరికే కూర్చోలేదు. గుడ్డ చేతికిస్తే తడిమి, ఇది పాప్లిన్, ఇది టెరికాట్, ఇది మంచి మల్లు అని చెప్పేవారు. పాత చొక్కాలకు గుండీలు కుట్టేవారు. వీధిలో ఆడవాళ్లు గుడ్డ కొనేముందు తెచ్చి ఆయనకు చూపించేవారు. చూపించడం అంటే చేతికి ఇవ్వడం. 2022లో ఆయన అల్లా దగ్గరికి పోయినారు. చివరిదాకా ఆయనను ఎవరూ పిచ్చివాడు అనలేదు.

బడిపంతులము కాబట్టి పిల్లల కోసం ఒక్క సంగతి చెప్పి ముగిస్తాము. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాది, ఆమె తోటివారు స్ట్రోకు వచ్చిన 608 మంది రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో సుమారు నూటికి 40 మందికి స్ట్రోకు తరువాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా ఉంది. ఒకే భాష వచ్చినవారిలో అట్లా ఉన్నది నూటికి 20 మందికే. భాషలు వస్తే స్ట్రోకు రాదని దీని అర్థం కాదు. దెబ్బ తగిలినప్పుడు తట్టుకునే బలం మెదడుకు కొంత ఉంటుందని అర్థము. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, కుప్పం పోతే తమిళం, కన్నడం, ఇంత భారం పిల్లలకు ఎందుకని అడిగే తల్లిదండ్రులు ఈ మాట ఆలోచించాలి.

సంఘానికి మా విన్నపములు రెండు. నెలకొక శుక్రవారం నమాజు తరువాత సంఘం కార్యాలయంలో బి.పి. చూసే ఏర్పాటు చేయండి. మిషను ఖర్చు మేము ఇచ్చుకుంటాము. మూడు ఊళ్లలోనూ ఇద్దరేసి యువకుల ఫోను నంబర్లు గోడ మీద రాయించండి. అర్ధరాత్రి ఎవరికి చూపు తగ్గినా, మాట తగ్గినా వెంటనే ఆసుపత్రికి చేర్చడానికి.

మీలో ప్రతి ఒక్కరికీ ఒక విన్నపము. మీ ఇంట్లో పెద్దవారు ఎప్పుడైనా మీ ముఖం చూసి ఎవరు అని అడిగితే నవ్వకండి, కోప్పడకండి, పరీక్ష పెట్టకండి. ముందు పేరు చెప్పి చెయ్యి పట్టుకోండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మా బడి పటము ఇప్పటికీ గోడ మీదనే ఉంది. అలిఫ్ సే అనార్ చెప్పేటప్పుడు ఈ మధ్య మేము ఒక దానిమ్మకాయ కూడా తీసుకుపోయి పిల్లల చేతికిస్తున్నాము.